ఊరు ఒప్పుకుంటేనే రీసెర్చ్: పశ్చిమ ఆఫ్రికాలో మలేరియా మీద 120 ఏళ్ళ పని

మాలీ దేశంలో ఏదైనా పల్లెలో మలేరియా మీద స్టడీ పెట్టాలంటే రాజధాని బమాకో నుంచి వచ్చిన డాక్టర్లు ముందు ఊరి పెద్ద ఇంటికి వెళ్ళాలి, చేతిలో కోలా గింజలు పట్టుకుని, మన దగ్గర తాంబూలం ఇచ్చి మాట కదిపినట్టు. ఆ పెద్దాయన అంతా విని సరే అంటే ఊళ్ళో పెద్ద కుటుంబాల యజమానులందర్నీ కూర్చోబెట్టి మళ్ళీ మొత్తం మొదట్నుంచి చెప్పాలి, రక్తం ఎందుకు తీస్తారు, ఎంత తీస్తారు, పిల్లాడికి ఏమన్నా అయితే ఎవరు చూస్తారు అని. తర్వాత ముఖ్యమైన వాళ్ళని ఇళ్ళకి వెళ్ళి విడివిడిగా కలవాలి, నాటు వైద్యుల్ని ప్రత్యేకంగా కలవాలి, వాళ్ళని పక్కన పెట్టకుండా పనిలో భాగం చేసుకోవాలి, ఆఖరికి మళ్ళీ ఇంకో మీటింగు. ఇదంతా అయ్యాకే ఒక్కో తల్లినీ తండ్రినీ విడిగా అడగడం మొదలవుతుంది, మీ బిడ్డని చేర్చుకోమంటారా వద్దా అని. ఒగోబారా డుంబో అనే మాలీ డాక్టరు, ఆయన టీము కలిసి 2005లో ఈ వరసంతా ఒక పద్ధతిగా రాసి పెట్టారు. డుంబోది బండియగారా ప్రాంతం, డోగోన్ జాతి, నాటు వైద్యుల కుటుంబం నుంచి వచ్చి పారసైటాలజీలో, అంటే పరాన్నజీవుల శాస్త్రంలో, ప్రపంచం గుర్తించిన మనిషి అయ్యాడు, 2018లో చనిపోయాడు.

పైకి చూస్తే ఇదేదో మర్యాద కోసం చేసే తతంగంలా అనిపిస్తుంది, కాదు. రక్తం ఇచ్చేది ఆ ఊరు, ట్రయల్ మందు మింగేది ఆ ఊరి పిల్లలు, రాత్రి దోమతెర కట్టుకోవాలా వద్దా అని తేల్చేది ఆ ఇంట్లో వాళ్ళు, కాబట్టి ఊరు మనసులో ఏముందో తెలీకుండా చేసిన సైన్స్ అక్కడ సగం సైన్సే. ఈ సంగతి అర్థం కావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

మలేరియా మనకీ కొత్త కాదు, చలిజ్వరం అంటే మన్యంలో ఇప్పటికీ వానాకాలం వస్తే భయమే, కానీ పశ్చిమ ఆఫ్రికాలో దాని లెవెలే వేరు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద 26.3 కోట్ల కేసులు, 5,97,000 మరణాలు, అందులో 95 శాతం మరణాలు ఆఫ్రికా రీజియన్‌లోనే, అక్కడ పోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఐదేళ్ళ లోపు పిల్లలు. నైజీరియా ఒక్క దేశంలోనే ప్రపంచ మరణాల్లో 30 శాతం పైన. మన దేశంలో మలేరియా పరాన్నజీవుల్లో వైవాక్స్ అనే రకం కూడా బాగానే ఉంది, అది మనిషిని పీల్చి పిప్పి చేస్తుంది గానీ చంపడం తక్కువ. పశ్చిమ ఆఫ్రికాలో వైవాక్స్ దాదాపు కనపడదు, ఎందుకంటే ఆ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోకి దూరడానికి వాడుకునే డఫీ అనే ప్రొటీన్ అక్కడ జనంలో దాదాపు ఎవరి రక్తకణాల మీదా ఉండదు, తలుపే లేని ఇంట్లోకి దొంగ ఎట్లా వస్తాడు. మిగిలింది ఫాల్సిపారం, అది మెదడుకెక్కే రకం, చంపే రకం.

ఈ కథలో మొదటి అడుగు మన దగ్గర నుంచే పడింది అనాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, బేగంపేటలో ఆ బిల్డింగు ఇంకా ఉంది. రెండేళ్ళకి, 1899లో, అదే రాస్ లివర్‌పూల్ నుంచి ఒక టీముతో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌కి వెళ్ళి అక్కడ మనుషులకి మలేరియా మోసేది అనాఫిలిస్ దోమే అని చూపించాడు. గుంటలు పూడ్చండి, నీళ్ళు నిలవనీయకండి, ఊరంతా బాగుపడుతుంది అనేది ఆయన మాట. కానీ ఆయన వెనకాలే వచ్చిన వాళ్ళు ఇంకోటి చూశారు, ఆఫ్రికన్ పిల్లలు చాలామంది జ్వరం లేకుండానే ఒంట్లో పరాన్నజీవిని పెట్టుకుని తిరుగుతున్నారని. అది మంచి అబ్జర్వేషన్, చాలా లోతైన విషయం. దాని నుంచి తీసిన కన్‌క్లూజన్ మాత్రం తెల్లవాళ్ళు ఈ పిల్లలకి దూరంగా ఉండాలి అని. 1904 కల్లా ఫ్రీటౌన్ పైన కొండ మీద యూరోపియన్ ఆఫీసర్ల కోసం హిల్ స్టేషన్ అని విడిగా కాలనీ కట్టారు, పైకీ కిందకీ తిరగడానికి రైలు కూడా వేశారు. జబ్బుతో అల్లాడేది ఆ పిల్లలైతే, రిపోర్టుల్లో ఆ పిల్లలే జబ్బుకి మూలం అయిపోయారు. పశ్చిమ ఆఫ్రికాలో మలేరియా రీసెర్చ్ పుట్టుకే ఇలా జరిగింది, ఈ సంగతి మర్చిపోతే తర్వాత వచ్చిన అనుమానాలు ఏవీ అర్థం కావు.

జ్వరం లేకుండా పరాన్నజీవి ఎట్లా ఉంటుంది అన్న ప్రశ్నని మనుషుల వైపు నుంచి పట్టుకున్నది గాంబియాలో. 1947లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అక్కడ ఫజారాలో ఒక యూనిట్ పెట్టింది, ఇయాన్ మెక్‌గ్రెగర్ అనే డాక్టరు కెనెబా లాంటి పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగి పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా రక్తం చూస్తూ వచ్చాడు. చిన్నప్పుడు జ్వరాలతో చావు అంచు దాకా వెళ్ళొచ్చిన వాళ్ళు పెద్దయ్యాక అదే పరాన్నజీవిని మోస్తూ కూడా పొలం పని చేసుకుంటున్నారు. దీని వెనక ఏదో ఉండాలి కదా. 1961లో ఆయన, సిడ్నీ కోహెన్ కలిసి చేసిన పని ఇది, గాంబియాలో పెద్దవాళ్ళ రక్తం నుంచి యాంటీబాడీలు ఉన్న భాగాన్ని వేరు చేసి మలేరియాతో ఉన్న పిల్లలకి ఎక్కించారు, కొద్ది రోజుల్లో పిల్లల రక్తంలో పరాన్నజీవి బాగా తగ్గిపోయింది. అంటే పెద్దవాళ్ళ నెత్తుట్లోనే మందు ఉంది, అది సంపాదించుకునే లోపే పిల్లలు పోతున్నారు. ఇవాళ టీకాల వెనకున్న ఆశ అంతా అక్కడ మొదలైందే. అరవై ఏళ్ళ తర్వాత మాలీలో కలిఫాబుగు, టొరోడో అనే ఊళ్ళలో 330 మంది పెద్దవాళ్ళ మీద ల్యాబులో తయారు చేసిన ఒకే ఒక్క యాంటీబాడీని పరీక్షిస్తే ఎక్కువ డోసు తీసుకున్న వాళ్ళలో ఆరు నెలల పాటు ఇన్‌ఫెక్షన్ 88 శాతం దాకా ఆగింది, 2022లో ఆ రిజల్ట్ వచ్చింది.

మధ్యలో ఒక పెద్ద దెబ్బ తగిలింది, నైజీరియా ఉత్తరాన గార్కీలో. 1969 నుంచి 1976 దాకా డబ్ల్యూహెచ్‌ఓ, నైజీరియా గవర్నమెంటు కలిసి ఇళ్ళలో మందు కొట్టించి, జనం అందరికీ బిళ్ళలు పంచి మలేరియాని ఆపగలమా అని చూశారు. తగ్గింది, ఆగలేదు, పని ఆపగానే మళ్ళీ వచ్చింది. అక్కడ కొన్ని దోమలు కుట్టాక గోడ మీద వాలకుండా బయటికే పోతున్నాయి, గోడ మీద కొట్టిన మందు వాటిని ఏం చేస్తుంది. ఈ రిజల్ట్ చూసి చాలామంది ఆఫ్రికాలో ఏం చేసినా లాభం లేదు అని చేతులెత్తేశారు, అది చాలా నష్టం చేసిన మాట.

ఆ నిరాశ నుంచి బయటపడేసింది దోమతెర, ఇక్కడ కాస్త ఆగి చూడాలి. గాంబియా పల్లెల్లో దోమతెర ఎవరో తెచ్చిచ్చిన వస్తువు కాదు, మాండింకా వాళ్ళ ఇళ్ళలో అప్పటికే గుడ్డతో కుట్టుకున్న తెరలు ఉన్నాయి, దోమల కోసం, ఇంకా చాటు కోసం కూడా. 1980లో ఫజారా యూనిట్‌కి వచ్చిన బ్రయన్ గ్రీన్‌వుడ్ టీము ఆ అలవాటు మీదే పని మొదలుపెట్టింది. మీ తెర మీరే వాడండి, దాన్ని పెర్మెత్రిన్ అనే మందు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేద్దాం, అంతే. 1991లో పెడ్రో అలొన్సో వాళ్ళు పబ్లిష్ చేసిన రిజల్ట్ చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది, 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల్లో మొత్తం మరణాలే 63 శాతం తగ్గాయి. మలేరియా మరణాలు కావు, అన్ని రకాల మరణాలూ కలిపి. ఒక గుడ్డ ముక్క, ఒక తొట్టి, కాస్త మందు.

తర్వాత అదే పనిని దేశం మొత్తానికి పెంచితే లాభం 25 శాతం దగ్గరకి వచ్చింది, అదీ చిన్న సంఖ్య కాదు, కానీ 63 కాస్తా 25 ఎందుకైంది, ఆ తర్వాత ఏం జరిగింది అన్నదే అసలు విషయం. ట్రయల్‌లో ఉన్నంత శ్రద్ధ దేశమంతా ఉండదు. ఆ 25 కూడా ముంచే మందు ఫ్రీగా ఇచ్చిన మొదటి ఏడుదే, రెండో ఏడు నుంచి డబ్బు కట్టమన్నారు, ముంచుకునే వాళ్ళు ఒక్కసారిగా పడిపోయారు. జనానికి అవేర్‌నెస్ లేదు అని రిపోర్టుల్లో రాసేయడం చాలా తేలిక, కానీ వానాకాలం అంటే పాత ధాన్యం అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులు, ఇంట్లో రూపాయి ఆడని రోజులు, సరిగ్గా అప్పుడే దోమలు, అప్పుడే మందుకి డబ్బులు. ఆ తల్లికి తెలీక కాదు మానేసింది. ఘానా ఉత్తరాన నవ్రోంగోలో ఫ్రెడ్ బింకా టీము చేసిన దోమతెర ట్రయల్‌లో పిల్లల మరణాలు 17 శాతం తగ్గాయి, అక్కడ ఇంకో సంగతి కూడా బయటపడింది, వానాకాలంలో దాదాపు అందరూ తెరలో పడుకుంటే ఎండాకాలంలో చాలామంది వదిలేశారు, ఎందుకంటే ఉక్కకి ఆరుబయట పడుకుంటారు, ఆరుబయట తెర ఎక్కడ కడతారు. ఇది మన ఊళ్ళలో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు.

నవ్రోంగోలో ఊరందరికీ విషయం చెప్పడానికి పెట్టే సభని డర్బార్ అంటారు, మనకి తెలిసిన దర్బారే, బ్రిటిష్ వాళ్ళ నోట్లో పడి అక్కడికి చేరిన మాట. పెద్దలు కూర్చుంటారు, డప్పులు, ఆటలు, మధ్యలో రీసెర్చ్ సంగతి. ఎవరైనా లేచి అడగొచ్చు.

ఇక అడిగేవాటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చేది రక్తం గురించే. గాంబియాలో యూనిట్ వాళ్ళు రక్తం తీసుకెళ్ళి అమ్ముకుంటున్నారు అని పుకార్లు చాలా ఏళ్ళు తిరిగాయి. ఇది విని నవ్వేసి మూఢనమ్మకం అనేవాళ్ళు ఉన్నారు, కానీ అక్కడి పల్లెల్లో కూర్చుని తల్లిదండ్రులతో మాట్లాడిన సోషల్ సైన్స్ వాళ్ళు 2006లో రాసింది చదివితే విషయం వేరే ఉంది. రక్తం అంటే బలం, తీస్తే బలం పోతుంది, తిండి అంతంత మాత్రంగా ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. మరోవైపు అదే యూనిట్ దగ్గర మంచి వైద్యం ఫ్రీగా దొరుకుతుంది, బయట గవర్నమెంటు క్లినిక్‌లో మందులు ఉంటాయో ఉండవో తెలీదు. కాబట్టి తల్లిదండ్రులు మనసులో త్రాసు పెట్టుకుని తూస్తారు, ఇంత రక్తం ఇస్తే ఇంత వైద్యం వస్తుంది, ఇది గిట్టుబాటేనా అని. వాళ్ళు సైన్స్‌కి భయపడుతున్నట్టు బయటి వాళ్ళకి కనిపిస్తుంది, వాళ్ళ వైపు నుంచి అది బేరం. అసలు బాధ పెట్టాల్సింది ఈ బేరం వెనకున్న పేదరికం, బిడ్డకి మంచి వైద్యం దొరకాలంటే స్టడీలో చేరడమే దారి అయినప్పుడు ఆ సంతకంలో స్వేచ్ఛ ఎంత ఉంది అన్నది ఏ ఫారమూ తేల్చలేదు.

నమ్మకం పోతే ఎంత నష్టమో నైజీరియా ఉత్తరాన ఉన్న కానో నగరం చెప్తుంది. 1996లో అక్కడ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) మహమ్మారి మధ్యలో ఫైజర్ కంపెనీ ట్రోవన్ అనే యాంటీబయాటిక్‌ని 200 మంది పిల్లలతో పరీక్షించింది, 100 మందికి ఆ మందు, 100 మందికి వేరేది. 11 మంది పిల్లలు పోయారు, రెండు వైపులా కలిపి, తల్లిదండ్రుల నుంచి సరైన అనుమతి తీసుకోలేదు అనే ఆరోపణ మీద కేసులు నడిచి 2009లో 7.5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ అయ్యింది. 2003లో అదే కానోలో పోలియో చుక్కలు వద్దన్నారు, దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి కానీ ఈ గాయం కూడా ఒకటి, ఆ తర్వాత పోలియో అక్కడి నుంచి ఎన్నో దేశాలకి పాకింది.

డుంబో, ఆయన తర్వాతి తరం చేసిన పని విలువ ఇక్కడ తెలుస్తుంది. బమాకోలో మలేరియా రీసెర్చ్ సెంటర్ పెట్టినప్పుడు శాంపిల్స్ తీసి అమెరికా పంపే ఆఫీసుగా అది మిగిలిపోకూడదని, పరీక్షలు అక్కడే జరగాలి, కొత్త సైంటిస్టులు అక్కడే చదువుకోవాలి అని పట్టుబట్టారు. ఆ సెంటర్ నుంచి వచ్చిన అబ్దులాయ్ జిమ్డే 2001లో మాలీ పేషెంట్ల రక్తంలో క్లోరోక్విన్‌కి లొంగని పరాన్నజీవిని గుర్తుపట్టే జన్యు గుర్తుని చూపించాడు, ఇంకా ఆసక్తికరం ఏంటంటే మొండి పరాన్నజీవి ఉన్నా కూడా పెద్ద వయసు వాళ్ళు కొందరు అదే క్లోరోక్విన్‌తో కోలుకుంటున్నారు, పిల్లలు కోలుకోవట్లేదు. మెక్‌గ్రెగర్ గాంబియాలో చూసిందే మళ్ళీ ఇక్కడ ఇంకో రూపంలో, మందు సగం పని చేస్తే మిగతా సగం ఒంట్లో ఏళ్ళుగా పేరుకున్న రక్షణ చేస్తోంది.

బుర్కినా ఫాసోలో నానొరో అనే చిన్న ఊరు ఇప్పుడు టీకాల ప్రపంచంలో తెలియని వాళ్ళు లేరు. హలిడు టింటో అక్కడ పల్లె ఆసుపత్రి పక్కనే క్లినికల్ రీసెర్చ్ యూనిట్ కట్టాడు. 2019లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఆర్21 టీకాని 5 నెలల నుంచి 17 నెలల వయసున్న 450 మంది పిల్లలకి వానాకాలం రాకముందే ఇచ్చి ఏడాది చూస్తే టీకా బలం పెంచే పదార్థం ఎక్కువ కలిపిన గ్రూపులో 77 శాతం రక్షణ వచ్చింది. పోల్చి చూసే గ్రూపు పిల్లలకి ఉత్త నీళ్ళ సూది వేయలేదు, రేబిస్ టీకా వేశారు, వాళ్ళకీ ఏదో ఒకటి దక్కాలని, చిన్న విషయమే కానీ చాలా చెప్తుంది. తర్వాత బుర్కినా, మాలీ, కెన్యా, టాంజానియాల్లో 4,800 మంది పిల్లల ట్రయల్, 2023 అక్టోబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ ఓకే.

ఆర్21ని తయారు చేసేది పుణేలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్. దీనికంటే ముందు 2021లో ఓకే అయిన ఆర్‌టీఎస్‌ఎస్ టీకా తయారీ మన హైదరాబాద్ భారత్ బయోటెక్ చేతికి వస్తోంది, 2028 కల్లా డోసు ధర 5 డాలర్ల లోపుకి తెస్తామని కంపెనీలు 2025లో ప్రకటించాయి. రాస్ సికింద్రాబాద్ నుంచి ఫ్రీటౌన్ వెళ్ళాడు, ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ టీకా అదే తీరానికి వెళ్ళబోతోంది, మధ్యలో 130 ఏళ్ళు.

టీకా ఒక్కటే చాలదు అని కూడా ఆ పల్లెలే చూపించాయి. బుర్కినాలో హుండే, మాలీలో బుగూని, దాదాపు 6 వేల మంది పిల్లలు, వానాకాలం నెలనెలా ఇచ్చే నివారణ బిళ్ళలు ఒక వైపు, బిళ్ళలూ టీకా రెండూ ఇంకో వైపు. బిళ్ళలు మాత్రమే తీసుకున్న వాళ్ళతో పోలిస్తే రెండూ తీసుకున్న పిల్లల్లో మలేరియా జ్వరాలు 63 శాతం, మలేరియా మరణాలు 73 శాతం తక్కువ. ఒక్కోటి విడిగా అంతంత మాత్రం, కలిస్తే బలం.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న దోమ జన్యువుల దగ్గర వస్తోంది. బుర్కినాలో బానా అనే ఊళ్ళో 2019 జులై 1న అబ్దులాయ్ జబాటే టీము కొన్ని వేల మగ దోమల్ని వదిలింది, జన్యువు మార్చి పిల్లలు పుట్టకుండా చేసినవి, మగవి కాబట్టి కుట్టవు, ముందు ముందు చేయబోయే పెద్ద పనికి ఇది రిహార్సల్ లాంటిది. దానికి ముందు ఏళ్ళ తరబడి ఊళ్ళో మాట్లాడారు. జులా భాషలో జన్యువు అనే దానికి నేరుగా మాట లేదు, కాబట్టి భాషావేత్తల్ని కూర్చోబెట్టి మాటలు కూర్చుకుని, ఆ మాటలు ఊళ్ళో వాళ్ళకి అర్థమవుతున్నాయా లేదా చూసుకుని మరీ ముందుకెళ్ళారు. మాట లేని దానికి ఒప్పుకోవడం ఎట్లా కుదురుతుంది, అందుకే ఈ పని ల్యాబులో జరిగిన పనికి ఏమాత్రం తక్కువ కాదు. కానీ 2025 ఆగస్టులో, ఇంకో ఊళ్ళో దోమలు వదిలిన కొద్ది రోజులకే, దేశ ప్రభుత్వం మొత్తం ప్రాజెక్టునే ఆపేసింది. ఊరు సరే అంది, దేశం వద్దంది. దోమకి ఊరి పొలిమేర తెలీదు కాబట్టి ఒక ఊరి అనుమతి చాలదు అనేది న్యాయమైన వాదనే, అయితే పక్క ఊరిని, పక్క దేశాన్ని ఎవరు అడగాలి, ఏ భాషలో అడగాలి అన్నదానికి ఇప్పటిదాకా పద్ధతి లేదు, డుంబో లాంటి వాళ్ళు ఊరి స్థాయిలో తయారు చేసినట్టు ఎవరో ఒకరు దాన్ని ఆ స్థాయిలో తయారు చేయాలి.

ఈలోపు టీకా డోసులు పల్లెలకి చేరుతున్నాయి, మొదటి మూడు వరసగా, నాలుగోది మళ్ళీ ఎన్నో నెలల తర్వాత. ఆ నాలుగో డోసే జారిపోతోంది. మాలీ 2025లో టీకా మొదలుపెట్టినప్పుడు తర్వాతి డోసుల్ని బిడ్డ వయసుతో కాకుండా సీజన్‌తో ముడిపెట్టింది, దోమలు లేచే ముందు రక్షణ అందాలి కాబట్టి అది తెలివైన పనే. జూన్‌లో తొలకరి పడగానే అక్కడ సజ్జ, జొన్న విత్తే పని మొదలవుతుంది, తల్లి తెల్లారకముందే పొలంలో ఉంటుంది, బిడ్డని హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాల్సింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.